తాళ్వారంలో పచ్చలైటు

పొద్దున్నే వాకిలి ఊడ్చి నీళ్లు చల్లడం ఆ వీధిలో అందరూ చేసే పనే. జయమ్మాళ్ మాత్రం వాకిలికంటే ముందు తాళ్వారం ఊడుస్తుంది. ఇంటి గోడకూ వీధికీ నడుమ, పెంకుల కప్పు కింద, టేకు స్తంభాల మీద నిలబడిన చోటు అది. గోడవారన రెండు పక్కలా ఎర్రసిమెంటు తిన్నెలు. ఎవరెవరో కూర్చొని కూర్చొని అద్దంమాదిరి నున్నబడిపోయినాయి. పుదుచ్చేరిలో పాత ఇండ్లకు ఇట్లాంటి తాళ్వారాలు ఉంటాయి. కట్టింది ఇంటాయన, కూర్చునేది దోవన పోయేవాడు. వచ్చి కూర్చున్నవాణ్ణి నువ్వెవురని అడగరు. లెయ్యమని అసలే అనరు. అంటే అన్నం విస్తరి ముందర్నుంచి మనిషిని లేపినంత పాపం.

ఊడ్చి, తడిగుడ్డతో తిన్నెలు తుడిచి, మట్టికుండ నిండా నీళ్లు పోసి, మూత మీద చెంబు బోర్లించి, అప్పుడు తలెత్తి చూస్తుంది. వీధివైపు మొదటి స్తంభం నెత్తిన తెల్లడబ్బా ఒకటి ఉంది. దాంట్లో పచ్చలైటు వెలుగుతా ఉంటే ఆమెకు ఆ పొద్దుకు సరి. ఊరికంతా ఊరికే నెట్ ఇస్తామని వార్డు ఆఫీసువాళ్లు బిగించిపోయిన డబ్బా అది. వీధిలో ఇంకెక్కడా చోటు కుదరక, అవ్వా, మీ తాళ్వారంలో పెట్టుకుంటామని అడిగినారు. పెట్టుకోండి నాయనా, నీళ్లకుండ పెట్టలేదా, ఇదీ అట్లాంటిదే గదా అనింది. దాని గాలి పక్కింటి మెట్టుదాకా పోతుంది, ఆపైన లేదు. చేతిలో ఫోన్లు అందరికీ ఉన్నాయి, కానీ ఆ ఇరుకిండ్లలోకి సిగ్నలు దూరదు, వేయించుకున్న డేటా మధ్యాహ్నానికే ఐపోతుంది. అందుకే వీధి వీధంతా ఆమె తిన్నెల మీదికే వచ్చి చేరుతుంది.

మొదట వచ్చేది పెరుమాళ్. మిల్లులో మగ్గం తోలిన మనిషి, జయమ్మాళ్ పెనిమిటితో ఒకే షిఫ్టు. మిల్లూ పోయింది, ఆ పెనిమిటీ పోయినాడు, ఈయన మాత్రం సైరను మోగే వేళకు ఇప్పటికీ లేచి కూర్చుంటాడు. ఆయన కూతురు సర్కారు బళ్లో టీచరు, యానానికి బదిలీ చేసినారు. అదీ పుదుచ్చేరి కిందిదే గానీ పోవాలంటే రాత్రంతా రైల్లో కూర్చోవాల. బడికి పోయేముందు మనవరాలు ఫోన్లో కనిపించి ఎక్కాలు అప్పజెప్తుంది. ఆయన వేళ్లు మడుస్తా వింటాడు. తప్పు చెప్తే తెలీదు, ఐనా తల ఊపుతాడు.

ఆ తర్వాత సెల్వరాజ్. బండి మీద ఇంటింటికీ హోటలు అన్నం మోసేవాడు. ఫోను మోగేదాకా తిన్నె మీద కాళ్లు చాపుకొని సినిమా చూస్తాడు. ఆ తర్వాత వెనకసందులోనుంచి మలర్. నర్సు చదువు ముగించుకొని, ఉద్యోగం కోసం ఫోన్లోనే దరఖాస్తులు పెట్టుకుంటా ఉంది. వాళ్లమ్మ నాలుగిండ్లలో గిన్నెలు తోముతుంది.

వీళ్లందరూ వచ్చి కూర్చుంటే జయమ్మాళ్ గడపలో చేట పెట్టుకొని మునగాకు దూస్తుంది. పేరుకు తాళ్వారం నిండా మనుషులు. ఒక్కరూ తల ఎత్తరు. ఒకరి ఫోన్లో కొట్లాట, ఒకరి ఫోన్లో పాట, ఒకరి ఫోన్లో ఎక్కాలు. ఈమెతో మాట్లాడేది ఎవరని చూస్తే, అవ్వా నీళ్లున్నాయా అని ఎవరో ఒకరు అంటారు, అంతే. ఉన్నాయి తాగు నాయనా అంటుంది. కుండ వాళ్ల ఎదురుగానే ఉంటుంది, అయినా అడుగుతారు. ఆ అడగడం కోసమే ఆమె కాచుకొని ఉంటుంది. తన దగ్గర బటన్ల ఫోను ఒకటి ఉంది. అది మోగితే కంపెనీవాళ్ల గొంతే. అందుకే పెరుమాళ్ మనవరాలి ఎక్కాలు ఈమెకూ వచ్చేసినాయి. పన్నెండో ఎక్కంలో ఆ పాప ఎక్కడ తడబడుతుందో తెలుసు. ఆ పాప ముఖం మాత్రం ఎన్నడూ చూడలేదు.

దీపావళి వచ్చే ఐప్పసి నెల వాన పట్టిన సోమవారం అది. తడిసినవాళ్లు తడవనివాళ్లు అందరూ తాళ్వారంలోనే. మలర్ ఒక మూల గోడకు ఆనుకొని కూర్చుంది. చెన్నైలో ఏదో పెద్దాసుపత్రివాళ్లు ఫోన్లోనే చూసి, అడిగి, ఉద్యోగం ఇస్తారంట. పైన ఇస్త్రీ చేసిన తెల్లకోటు వేసుకుంది, కింద ఇంట్లో కట్టే పాత పావడే. ఫోన్లో నడుము కింద కనబడదు గదా. ఫోనును జయమ్మాళ్ ఇచ్చిన పచ్చడి జాడీకి ఆనించి, జుట్టు సరిచేసుకొని, గొంతు సవరించుకుంది. జయమ్మాళ్ దూసే చెయ్యి ఆపేసింది.

ఫోన్లోనుంచి ఒక ఆమె గొంతు ఇంగ్లీషులో ఏదో అడిగింది. మలర్ చెప్పసాగింది. బాగానే చెప్తా ఉండింది, కండ్లలో వెలుగు వచ్చింది. అంతలో ఫోన్లో మనిషి నోరు తెరిచి తెరిచినట్టే నిలిచిపోయింది. మలర్ ఆగింది. మళ్లీ చెప్పింది. హలో మేడం, వినపడతా ఉందా మేడం అని అడిగింది. తాళ్వారంలో ఉన్నవాళ్ల ఫోన్లన్నీ ఒక్కసారిగా ఆడడం మానేసినాయి. సెల్వరాజ్ ఫోనును అరచేత్తో తట్టి, డబ్బా దిక్కు చూసి నవ్వినాడు. ఇంతమంది ఒకే ఈతచెట్టుకు కుండ కట్టినారు, కల్లు యాడనుంచి వస్తుందవ్వా అన్నాడు. నవ్వినవాళ్లు నవ్వినారు.

మళ్లీ ఫోను వచ్చేసరికి అవతలామె ఇంకెవరితోనో మాట్లాడతా ఉంది. మలర్ ఏడవలేదు. తెల్లకోటు గుండీలు ఒక్కొక్కటే విప్పి, మడతలు చెదరకుండా మడిచి, సంచిలో పెట్టుకుంది. జయమ్మాళ్ చేట పక్కకు నెట్టి అది చూసింది. ఏడ్చి ఉంటే దగ్గరికి పిలిచి ఉండును. అంత నిదానంగా కోటు మడిచే పిల్లను ఏమని పిలిచేది. పోతా పోతా ఆ పిల్లే చెప్పింది, మధ్యలో ఫోను తెగిపోయినవాళ్లకు బుధవారం ఇంకొకసారి అవకాశం ఇస్తామన్నారంట, అదే ఆఖరంట.

మధ్యాహ్నం వాన తెరిపిచ్చినాక దినకరన్ వచ్చినాడు. ఆ వీధికి కేబులు తీగ లాగింది ఆయనే. ఒకప్పుడు భుజాన నిచ్చెనతో సైకిలు మీద తిరిగినవాడు, ఇప్పుడు చేతి కింద ఇద్దరు మనుషులు. టీవీ తీగ పోయి నెట్ తీగ వచ్చింది, అదీ ఆయనదే. ముందు వరసలో కలిగిన ఇండ్లకు ఇచ్చినాడు. వీధి మలుపు దగ్గర ఆ తీగ చుట్టచుట్టుకొని ఆగిపోయింది. వెనకసందులోకి దూరలేదు.

దినకరన్ తిన్నె మీద కూర్చొని, పెద్దమ్మా, ఒక్క మాట అన్నాడు. సర్కారువాళ్లు నెట్ కోసం కొత్తగా గాజుతీగ తెస్తా ఉన్నారంట. మంచినీళ్ల పైపుమాదిరి ఇంటింటికీ ఒక తీగమొన, డబ్బు అడగరంట, వెనకసందుకు కూడా. రోడ్డు కొత్తగా సిమెంటు వేసినారు కాబట్టి తవ్వకూడదు. ఎదురువరస పొడుగునా మిల్లు గోదాము గోడ, అది కోర్టులో ఉంది, మేకు కూడా కొట్టకూడదు. ఇక మిగిలింది ఈ వరస తాళ్వారాలే. ఒకదానికొకటి ఆనుకొని ఉన్నాయి గదా, కప్పుల కిందగా దూలాలు తొలిచి తీగ పట్టుకుపోతారు. మొదటి ఇల్లు జయమ్మాళ్‌ది. ఆమె ఒప్పుకుంటేనే తీగ వీధిలోకి అడుగు పెట్టేది. గురువారం ఆఫీసరమ్మ అడగడానికి వస్తుంది.

పాత దూలం, తొలిస్తే పగుల్తుంది, వద్దని చెప్పు చాలు అన్నాడు. ఆపైన తన బాధ తాను చెప్పుకున్నాడు. ఈ వీధిలో ఏ ఇంటి గోడ ఎట్లాంటిదో తనకు తెలుసు, వానలో పిలిచినా వస్తాడు. సర్కారు తీగ తెగితే ఎవరొస్తారు, ఎన్నాళ్లకొస్తారు. తనను నమ్ముకొని రెండు కుటుంబాలు ఉన్నాయి. అబద్ధమేమీ చెప్పలేదు ఆయన.

మరి వెనకసందులోకి నీ తీగ ఎందుకు పోలేదు నాయనా అని జయమ్మాళ్ అడిగింది.

పోతే నాకు ఏం గిట్టుతుంది పెద్దమ్మా, అక్కడ ఒకరు కడితే నలుగురు కట్టలేరు అన్నాడు. లేచి చెప్పులేసుకుంటా, డబ్బా దిక్కు చూసి, నెమ్మదిగా అన్నాడు:

"ఇంటింటికీ వచ్చేస్తే ఇక్కడికి ఎవురొస్తారు పెద్దమ్మా. అది కూడా ఆలోచించుకో."

అది ఆలోచించుకోమని ఒకరు చెప్పాల్నా. ఆ సాయంత్రం దీపం పెట్టి, ఒక్కతే కూర్చొని చారన్నం తింటా అదే ఆలోచించింది. ఇంట్లో గడియారం కొట్టుకుంటుంది, మిక్సీ ఉంది, టీవీ ఉంది. శబ్దం లేక కాదు. అవ్వా అనేది ఏదీ లేదు. గురువారం వస్తే దూలం పాతదని చెప్దాం, నిజంగా పాతదే గదా అనుకుంది. అనుకున్నాక అన్నం నోటికి బాగానే పోయింది.

బుధవారం పొద్దున మలర్ కోటు సంచితో వచ్చేసరికి తాళ్వారం నిండిపోయి ఉంది. వాన మళ్లీ పట్టింది. పక్కవీధి పిల్లలు కూడా వచ్చి మెట్ల మీద కూర్చున్నారు. మలర్ ఒక మూల నిలబడి డబ్బా దిక్కు చూసింది, జనం దిక్కు చూసింది, ఎవరినీ ఏమీ అడగలేదు. అడిగే హక్కు తనకు లేదని ఆ పిల్లకు తెలుసు. వీళ్లందరూ ఎట్లనో తానూ అట్లనే గదా.

జయమ్మాళ్‌కు సోమవారం నాటి కోటు మడత కండ్ల ముందర ఆడింది. ఇంతమంది లాగితే ఆ డబ్బా ఏం చేస్తుంది, ఒక్కతే ఉంటే చాలుతుంది గదా అనుకుంది. గడపలోనుంచి లేచి, మెట్ల మీది పిల్లలకు చెప్పింది, నాయనా, కాసేపు అట్లా పోయి రండి అని. వాళ్లు పోయినారు. సెల్వరాజ్‌కు చెప్పింది. ఏందవ్వా, రేషనంగడి మాదిరి టోకెను ఇస్తావా అని నవ్వుతానే లేచి బండి తీసినాడు, కానీ ఆ నవ్వు మలుపుదాకా పోలేదు.

ఇక పెరుమాళ్. ఆ పొద్దు మనవరాలికి జలుబు, బడి లేదు. తీరిగ్గా తాత దగ్గర కూర్చున్నట్టే ఫోన్లో కూర్చొని ఉంది. ఎక్కాలు ఐపోయి పాటకు వచ్చింది.

"పెరుమాళన్నా, రవ్వంత లెయ్యి. మలర్‌కు కావాల" అనింది జయమ్మాళ్.

పెరుమాళ్ తల ఎత్తి చూసినాడు. ఆమె చెప్పింది అర్థం కానట్టు చూసినాడు. తర్వాత ఫోను దిక్కు చూసి, పాడే పిల్ల పాడుతుండగానే వేలితో నొక్కి ఆర్పేసినాడు. కండువా దులిపి భుజాన వేసుకొని, తిన్నె పట్టుకొని లేచినాడు. గొడుగు తేలేదు. వానలోకి దిగి, గోడవారగా, ఎక్కడ అడుగు పెట్టేదీ చూసుకుంటా పోయినాడు. ఆ నడక చూస్తా ఉంటే జయమ్మాళ్‌కు అన్న మాట వెనక్కి తీసుకోవాలనిపించింది. మాట పోతుందా వెనక్కి.

తాళ్వారంలో మలర్ ఒక్కతే. తెల్లకోటు, దువ్విన తల, ఎదురుగా ఫోను. ఈసారి అవతలామె నిలిచిపోలేదు. అడిగినదానికంతా ఆ పిల్ల చెప్పింది, మధ్యలో ఒకసారి నవ్వింది కూడా. జయమ్మాళ్ గడపలోనే కూర్చుంది. ముగిసినాక మలర్ గబగబా వచ్చి ఆమె కాళ్లకు దండం పెట్టి, ఒచ్చేటట్టే ఉంది అవ్వా, అమ్మకు చెప్పి వస్తానని, చెప్పులు చేత్తో పట్టుకొని నీళ్లలో పరుగెత్తింది.

మళ్లీ రాలేదు. వాళ్లమ్మ పనిలో ఉండే ఇంటికి పోయి ఉంటుంది, సంతోషం గదా. జయమ్మాళ్ వీధి చూస్తా కూర్చుంది. వాన నిలిచింది. పచ్చలైటు వెలుగుతానే ఉంది. సెల్వరాజ్ రాలేదు. మెట్ల మీది పిల్లలు రాలేదు. సాయంత్రం కుండలో నీళ్లు పొద్దున పోసినవి పోసినట్టే ఉన్నాయి. వాటిని తులసిచెట్టుకు పోసింది.

మళ్లీ తుంపర పట్టిన గురువారం పొద్దున కూడా అంతే. ఊడ్చింది, తుడిచింది, కుండ నింపింది. తిన్నెలు అట్లాగే మెరుస్తా ఉన్నాయి. వీధి మొదట్లో టీ అంగడి రేకు కింద సెల్వరాజ్ బండి మీద కూర్చొని ఉన్నాడు. అక్కడ డబ్బా గాలి అందదు, ఊరికే కూర్చున్నాడు. ఇంకా అవతల, గోదాము గోడ కింద, పెరుమాళ్ గొడుగు పట్టుకొని నిలబడి ఉన్నాడు. ఫోనును ఆకాశానికి ఎత్తి, కాస్త కిందికి దించి, ఇటు తిరిగి, అటు తిరిగి, మళ్లీ ఎత్తుతా ఉన్నాడు. సిగ్నలు ఎక్కడన్నా ఒక చినుకు దొరుకుతుందేమోనని. బడి గంట కొట్టేవేళ దాటిపోయింది. అప్పుడు గొడుగు ముడుచుకొని ఇంటికి పోయినాడు.

ఆమె చూడలేక, పెట్టెలో ఉన్న మురుకులు నాలుగు గిన్నెలో పెట్టుకొని, కొంగు కప్పుకొని ఆయన ఇంటికి పోయింది. పెరుమాళ్ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చొని కాళ్లు తుడుచుకుంటా ఉన్నాడు. రా జయమ్మా, కూర్చో అన్నాడు. మర్యాదకేమీ తక్కువ చెయ్యలేదు. ఆమె గిన్నె పక్కన పెట్టి, ఏమి అన్నా, తాళ్వారం పక్కకే రాలేదు, పాప కాచుకొని ఉంటుంది గదా అనింది. ఆయన కాళ్లు తుడుచుకుంటానే ఉన్నాడు. మలర్ కోసమే అట్లా అడగాల్సి వచ్చిందని, ఆ పిల్లకు అదే ఆఖరి అవకాశమని చెప్పుకొచ్చింది. తెలుసులే, మంచిపనే చేసినావు, ఆ పిల్ల బాగుపడాల అన్నాడు.

"మరి రా అన్నా."

పెరుమాళ్ తువ్వాలు మడిచి కుర్చీ చేతి మీద వేసినాడు.

"తాళ్వారం తనదని మీ ఆయన ఎప్పుడూ చెప్పలా. నువ్వూ చెప్పలా, ఇన్నేండ్లలో. నిన్న చెప్పినావు. ఇంక దాని మీద కూర్చుంటే, నువ్వు ఇస్తే కూర్చున్నట్టు ఉంటుంది జయమ్మా. నాకు కాళ్లు రావు."

కోపంగా అని ఉంటే ఆమె కూడా ఏదో ఒకటి అని ఉండును. ఆయన బాధగా అన్నాడు. మురుకు ఒకటి తీసుకొని కొరికి, బాగుంది అని కూడా అన్నాడు.

తిరిగి వస్తా ఆమె తనలో తాను వాదించుకుంది. తానేం తప్పు చేసింది. ఉన్నది ఒక్క చెంబెడు, ఎవరికి ఎక్కువ దాహమో వాళ్లకు పోసింది. పోసేది తానే అయింది, అక్కడే వచ్చింది చిక్కు. దినకరన్ కూడా అదే చేస్తాడు, గిట్టేవాడికి పోస్తాడు. తాను జాలి చూసి పోసింది. పోయించుకోనివాడికి రెండూ ఒకటే, వాడు వానలో నిలబడి ఫోను ఆకాశానికి ఎత్తాల్సిందే. కొంచెమే ఉన్నప్పుడు పంచే చెయ్యి ఎంత మంచిదైనా మాసిపోతుంది.

ఇల్లు చేరేసరికి తాళ్వారంలో ఇద్దరు ఉన్నారు. ఎవరో వచ్చి కూర్చున్నారని ఆమె అడుగు తొందరపడింది. ఒకరు దినకరన్. ఇంకొకరు నెత్తిన హెల్మెట్, మెడలో ఆఫీసు కార్డు వేసుకున్న చిన్నవయసు ఆఫీసరమ్మ, పేరు జనని. తమిళంలో మొదలుపెట్టి, జయమ్మాళ్ తెలుగు విని, మాదీ తెలుగే అవ్వా, కాలాపేట అనింది. తిన్నె మీద కూర్చోకుండా నిలబడే, దినకరన్ చెప్పినదంతా తానూ చెప్పింది. దూలానికి చిటికెనవేలంత బెజ్జం వేస్తామని, పగలదని, పగిలితే తామే మార్చి ఇస్తామని. మీకు ఇష్టం లేకపోతే బలవంతం లేదవ్వా, అప్పుడు ఈ వీధిని వదిలేసి పక్కవీధికి పోవాల్సిందే అనింది.

దినకరన్ దూలాన్ని వేలి కణుపుతో తట్టి చూపించినాడు. ఎంత పాతదో చూడండి మేడం అన్నాడు.

జయమ్మాళ్ ఆ పిల్లను అడిగింది. వెనకసందుకూ పోతుందా. పోతుందవ్వా, ఆఖరింటిదాకా. అందరూ ఒకేసారి వాడితే నిలిచిపోతుందా. నిలిచిపోదు, ఈ వీధి మొత్తం లాగినా దానికి లెక్కలేదు. ఒకరికి ఇచ్చేదానికి ఇంకొకరిని లేపాల్సిన పని ఉంటుందా. జననికి ఆ ప్రశ్న సరిగ్గా అర్థం కాలేదు, లేదవ్వా అనింది. మరి తెగిపోతే ఎవరొస్తారు. జనని దినకరన్ దిక్కు ఒకసారి చూసింది.

"ఫోను చేస్తే వస్తారవ్వా. ఎంతసేపటికని మాత్రం నేను మాట ఇవ్వలేను."

అబద్ధం చెప్పలేదు ఈ పిల్ల కూడా అనుకుంది జయమ్మాళ్.

ఆమెకు వీధిపైపు గుర్తొచ్చింది. ఒకే పైపుండేది వీధికంతా. తెల్లవారకముందే బిందెల వరస. ఆ వరసలో తిట్టుకున్నారు, జుట్లు పట్టుకున్నారు, సంబంధాలు కుదుర్చుకున్నారు. ఎవరింట్లో ఏ కూరో, ఎవరి మగడు తాగొచ్చినాడో అక్కడే తెలిసేది. పెనిమిటి పోయిన కొత్తలో తన బిందె నింపి ఇంటిదాకా మోసింది పెరుమాళ్ పెండ్లామే. తర్వాత ఇండ్లలోకి పైపులు వచ్చినాయి. ఒక్క వారంలో వీధిలో గొంతు వినబడకుండా పోయింది. అయ్యో ఆ రోజులు అని అందరూ అంటారు, కానీ మళ్లీ బిందె ఎత్తుకొని వరసలో నిలబడతానని ఒక్కరూ అనలేదు. జయమ్మాళ్ కూడా అనలేదు. వీధిలో మొదట ఇంట్లోకి పైపు వేయించుకున్నది ఆమే.

"నాయనా దినకరా, నువ్వు చెప్పింది నిజమే. ఎవురూ రారు" అనింది.

దినకరన్ ముఖం తేటపడింది. ఆమె జనని దిక్కు తిరిగింది.

"యాడ తొలచాల్నో తొలుచుకోమ్మా. పొద్దుండగానే కానియ్యి."

దినకరన్ కొంచెంసేపు అక్కడే నిలబడినాడు. కోపంగా లేడు, ఏదో లెక్క తప్పినవాడిలాగ ఉన్నాడు. జనని మనుషులు నిచ్చెన వేస్తా ఉంటే, ఆ పక్కన పెంకు జారుతుంది, చూసి వెయ్యండి అని చెప్పి, బండి తీసుకొని పోయినాడు.

మిషను గిర్రున తిరిగింది. దూలంలోనుంచి పొట్టు రాలింది. అన్నేండ్ల కొయ్య, లోపల మాత్రం నిన్న కోసినట్టు లేత రంగు, వాసన కూడా పచ్చిగా ఉంది. మిషను ఆగేదాకా జయమ్మాళ్ అరచెయ్యి స్తంభానికి ఆనించి నిలబడింది. చేతికి అదురు తెలిసింది. వాళ్లు పక్కింటికి పోయినాక చీపురు తెచ్చి పొట్టు ఊడ్చింది. ఒక పిడికెడు తీసి వాసన చూసి, పారబోసింది.

ఆ తర్వాత పనులు తొందరగా జరిగిపోయినాయి. సన్నని నల్లతీగ ఆమె కప్పు కిందనుంచి బయలుదేరి, పక్కింటికి, ఆ పక్కింటికి, మలుపు తిరిగి వెనకసందుకు పోయింది. ఇంక దాంతో పని లేదని నిచ్చెన వేసి తెల్లడబ్బాను కూడా విప్పుకొని పోయినారు. అది ఉన్న చోట స్తంభం మీద రంగు వెలవని నలుచదరం ఒకటి మిగిలింది.

వీధి మళ్లీ మాట్లాడసాగింది, ఐతే తలుపుల వెనక. నడిచిపోతా ఉంటే ఒక ఇంట్లో కొట్లాట, ఒక ఇంట్లో పాట. సెల్వరాజ్ ఇప్పుడు ఇంట్లో మంచం మీద పడుకొని సినిమా చూస్తాడంట. మలర్‌కు ఉద్యోగం వచ్చింది. చెన్నైకి పోయేముందు వచ్చి చెప్పిపోయింది. ఇంక అమ్మ సందులోనుంచి కదలకుండానే రోజూ నన్ను చూడొచ్చు అవ్వా అనింది. ఎంత మంచిమాట తల్లీ అనింది జయమ్మాళ్. పెరుమాళ్ ఇంటి కిటికీలోనుంచి పొద్దున్నే ఎక్కాలు వినబడతాయి. అంతదూరం నుంచి పన్నెండో ఎక్కమో పదమూడో తెలియదు. గొంతు మాత్రం తెలుస్తుంది.

చివరికి జనని ఒక పనివాణ్ణి వెంటబెట్టుకొని వచ్చింది. వీధిలో అందరికీ ఐపోయింది, మీ ఇంటి మొన ఒక్కటే మిగిలింది అవ్వా, లోపల డబ్బా ఎక్కడ పెట్టమంటారు అని అడిగింది. జయమ్మాళ్ తన బటన్ల ఫోను చూపించింది. దీనికి పని చేస్తుందామ్మా అంటే, చెయ్యదవ్వా అని ఆ పిల్ల నవ్వు ఆపుకుంది. ఐతే బయట పెట్టు, తాళ్వారంలో అనింది. జనని తల గోక్కుంది. ఇది ఇంటివాళ్లకు అవ్వా, ఇంటిలోపలే పెట్టాలని రూలు.

"తాళ్వారం ఇంట్లోది కాదా ఏంది? ఇంటిపన్ను దానికీ వేస్తారు మీవాళ్లు."

పనివాడు జనని దిక్కు చూసినాడు. జనని వీధి దిక్కు చూసింది. పెట్టు అనింది. మరి పాస్‌వర్డ్ అని వాడు గొణిగితే, ఎవరికీ చెప్పకూడదవ్వా, మీ దగ్గరే ఉండాల అని ఆ పిల్ల జాగ్రత్త చెప్పింది. ఎవరికీ చెప్పకపోతే దోవన పోయేవాడు ఏం చేస్తాడమ్మా అని జయమ్మాళ్ అడిగింది. జనని హెల్మెట్ పెట్టుకొని, బండి దగ్గరికి పోయి, వీపు ఇటు తిప్పి ఫోను చూసుకుంటా నిలబడింది. వాడు సుద్దముక్కతో గోడ మీద పెద్ద అంకెలు రాసి, చేతులు దులుపుకొని పోయినాడు.

ఆ సాయంత్రం ఎవరూ రాలేదు. మరుసటిరోజు ఎవరూ రాలేదు. వస్తారని ఆమె కూడా అనుకోలేదు. ఇంట్లో ఉన్నదానికి వీధిలోకి ఎవరొస్తారు.

వాన వెలిసి ఎండ కాసిన ఒక పగటిపూట, గడపలో కూర్చొని పాతచీర అంచు కుట్టుకుంటా ఉంటే, ఒక నీడ మెట్టు దగ్గర ఆగింది. ఎవరో మేస్త్రీపని మనిషి. మోకాళ్లదాకా సిమెంటు, నెత్తిన గుడ్డ. వీరాంపట్టినం దోవలో కట్టే పెద్దకట్టడానికి ఉత్తరాదినుంచి మనుషులు వచ్చినారని విని ఉంది, వాళ్లలో ఒకడై ఉంటాడు. గోడ మీది అంకెలు చూసినాడు, చేతిలో ఫోను చూసినాడు, ఆమెను చూసి, తన భాషలో ఏదో అడిగినాడు. ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆమె తిన్నె మీద చేత్తో తట్టింది.

వాడు గుడ్డ తీసి కింద పరిచి, తిన్నెకు సిమెంటు అంటకుండా అంచున కూర్చున్నాడు. ఒక్కొక్క అంకె చూసి నొక్కుకున్నాడు. కాసేపటికి ఫోన్లో ఒక ఆడమనిషి ముఖం, నెత్తిన ముసుగు, చంకలో చంటిబిడ్డ. బిడ్డను ఫోను దగ్గరికి తెచ్చింది, ఫోను నిండా ఒక బుగ్గే కనబడింది. వాడు ఏదో అనబోయి, జయమ్మాళ్ అక్కడ ఉందని గుర్తొచ్చి, గొంతు తగ్గించినాడు. ఆమెకు ఆ భాష రాదని తెలిసి కూడా తగ్గించినాడు. చెయ్యి ఫోనుకు అడ్డం పెట్టుకొని, గోడ దిక్కు తిరిగి, గుసగుసగా మాట్లాడసాగినాడు.

ఆమె ఎన్ని రోజులనుంచో ఒక మనిషి గొంతు కోసం ఆ గడపలో కూర్చొని ఉంది. సూది చీర అంచుకు గుచ్చి, చీర ఉండచుట్టి, మోకాలి మీద చెయ్యి ఆనించి లేచింది. వాడు తల ఎత్తి చూసినాడు, తాను పోవాల్నేమోనని సగం లేచినాడు. ఆమె చేత్తోనే కూర్చోమని చూపించి, లోపలికి పోయింది.

తలుపు దగ్గరికి వేసింది. గడియ పెట్టలేదు. లోపలి గదిలో, చీకటికి కండ్లు అలవాటు పడేదాకా నిలబడి, పీట వాల్చుకొని కూర్చుంది. బయట వాడి గొంతు కొంచెం కొంచెంగా పెద్దదైంది.